వీఎం ఇమేజ్‌ని క్లౌడ్‌కి పంపాలంటే ఏ ఫార్మాట్? పర్లాకిమిడిలో నా అనుభవం

తమ్ముడూ, గుణుపురంలో మీ ట్రైనింగ్ సెంటర్ పిల్లల కోసం వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఒక ఉబుంటు లినక్స్ మెషిన్, అంటే వీఎం, తయారుచేశావు. దాని డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా, అంటే ఇమేజ్‌గా, క్లౌడ్‌లోకి మార్చాలంటే రా (raw, డిస్కు ఉన్నదున్నట్టు), క్యూకౌ2 (qcow2, ఖాళీ భాగాలు వదిలేసే చిన్న ఫైలు), వీఎండీకే (VMDK), వీహెచ్‌డీ (VHD) ఫార్మాట్లలో ఏది మంచిదని అడిగావు. రెండేళ్ల కిందట పర్లాకిమిడిలో నేనూ ఇదే పని చేశాను. తెలుగు, ఒడియా కీబోర్డులు, రెండు లిపుల ఫాంట్లు, పిల్లల ప్రాక్టీసు ఫైళ్లు అన్నీ నా మెషిన్లో అమర్చి ఉన్నాయి. మళ్లీ మొదటినుంచి కట్టాలంటే నెల పడుతుంది. అందుకే నీ టెన్షన్ నాకు బాగా అర్థమవుతోంది.

ముందు ఆ మెషిన్ చివరికి ఏ క్లౌడ్‌లో నడుస్తుందో తేల్చుకో. సగం జవాబు అక్కడే ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్ అయితే స్థిర సైజు వీహెచ్‌డీయే తీసుకుంటుంది, దాని కొత్త రూపం వీహెచ్‌డీఎక్స్ ఇస్తే ఒప్పుకోదు. డిస్కు సైజు కూడా కచ్చితంగా పూర్తి ఎంబీల్లో ఉండాలి. అమెజాన్ క్లౌడ్‌లోకి ఇంపోర్ట్‌కి రా, వీఎండీకే, వీహెచ్‌డీ, ఓవీఏ (మెషిన్ మొత్తాన్ని ఒకే ఫైల్లో కట్టిన ప్యాకేజీ) పనికొస్తాయి, క్యూకౌ2 పనికిరాదు. ఓపెన్‌స్టాక్ (సొంత సర్వర్లతో క్లౌడ్ నడుపుకునే సాఫ్ట్‌వేర్) నువ్వడిగిన నాలుగింటినీ తీసుకుంటుంది. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

మా క్లౌడ్ ఓపెన్‌స్టాక్‌ది, వెనక స్టోరేజ్ సీఫ్ (Ceph, డేటాను చాలా సర్వర్లలో పంచి దాచే సాఫ్ట్‌వేర్). చిన్న ఫైలు కదా అని క్యూకౌ2 ఎక్కించాను. సీఫ్ మీద మెషిన్ నడవాలంటే డిస్కు రా రూపంలోనే ఉండాలి. అందుకని కొత్త మెషిన్ అడిగిన ప్రతిసారీ ఓపెన్‌స్టాక్ ఇమేజ్‌ని దించుకుని, రాగా మార్చి, మళ్లీ స్టోరేజ్‌లోకి ఎక్కించేది. ఒక్కో మెషిన్‌కి పావుగంట. క్లాసు మొదలయ్యాక ఇరవైమంది పిల్లలు స్క్రీన్ చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. తర్వాత అదే ఇమేజ్‌ని రా ఫార్మాట్‌లో ఎక్కించాను. అప్పుడు సీఫ్ డేటా కాపీ చేయకుండా నేరుగా క్లోన్ తీస్తుంది కాబట్టి మెషిన్లు క్షణాల్లో వచ్చాయి.

అలాగని మొదటినుంచీ రా పట్టుకుని తిరగమని చెప్పను. మా ఊళ్లో నెట్ అప్పట్లో చాలా నెమ్మది, అప్‌లోడ్ సగంలో కరెంటు పోయేది. ఫైలును డిస్కులో వేసుకుని పాతపట్నం, శ్రీకాకుళం మీదుగా బస్సులో విశాఖ వెళ్లి మా బావమరిది ఇంటినుంచి ఎక్కించాను. 40 జీబీ రా ఫైలు నా లినక్స్ మెషిన్లో నిజానికి 7 జీబీయే ఆక్రమించింది, ఖాళీ భాగాలకు అక్కడ చోటు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ డిస్కులోకి కాపీ చేస్తే పూర్తి 40 జీబీ అయి కూర్చుంది, ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ సౌకర్యం లేదు. పాత ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ అయితే 4 జీబీ దాటిన ఫైలును అసలు తీసుకోదు. అందుకే దారిలో మోయడానికి కంప్రెస్ చేసిన క్యూకౌ2 ఉంచుకో. చేరాక, అప్‌లోడ్ చేసే చోట క్యూఈఎంయూ ఇమేజ్ టూల్‌తో (qemu-img, ఫార్మాట్లు మార్చే ఉచిత ప్రోగ్రాం) కావలసిన రూపంలోకి మార్చు. కాపీ చేసిన ప్రతిసారీ చెక్‌సమ్ (ఫైలు పాడవలేదని తేల్చే సంఖ్య) సరిచూడు.

ఎక్కించేటప్పుడు ఫార్మాట్ పేరు కూడా సరిగ్గా చెప్పాలి. క్యూకౌ2 ఫైలును రా అని చెప్పి ఎక్కిస్తే, ఒకవేళ అప్‌లోడ్ అయినా మెషిన్ బూట్ కాదు.

మార్చేముందు వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్లు (మెషిన్ ఒకప్పటి స్థితిని దాచిపెట్టిన గుర్తులు) ఉన్నాయేమో చూడు. ఉంటే స్నాప్‌షాట్ తర్వాత చేసిన మార్పులు వేరే ఫైళ్లలో ఉంటాయి. మొదటి వీడీఐ (వర్చువల్‌బాక్స్ సొంత డిస్కు ఫైలు) ఒక్కదాన్నే మారిస్తే పాత మెషిన్ వస్తుంది, పిల్లల కొత్త పని ఉండదు. ముందు మెషిన్‌ని మామూలుగా షట్‌డౌన్ చేసి, ప్రస్తుత స్థితిని పూర్తి క్లోన్‌గా తీసి, ఆ క్లోన్‌నే మార్చు.

క్లౌడ్‌లో బూట్ అయినా నెట్ రాకపోతే ఫార్మాట్‌ని అనుమానించకు. వర్చువల్‌బాక్స్‌లో ఉన్న నెట్‌వర్క్ కార్డు పేరు క్లౌడ్‌లో సాధారణంగా మారిపోతుంది, నెట్‌ప్లాన్ ఫైల్లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే ఫైలు) మాత్రం పాత పేరే ఉంటుంది. పంపేముందే క్లౌడ్-ఇనిట్ (క్లౌడ్‌లో మొదటిసారి బూట్ అయినప్పుడు సెట్టింగులు అమర్చే ప్రోగ్రాం) వేసి ఆ పాత పేరు తీసేయి. నీది ఏ క్లౌడో రాస్తే, దానికి సరిపోయే కమాండ్ నేనే రాసి పెడతాను.