డి విటమిన్ 11 నుంచి 14కే పెరిగిందా? పరగడుపున వేసుకోకండి

ఎనిమిది వారాలు, వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల డి విటమిన్ గోలీ వేసినా రక్త పరీక్షలో 11 నుంచి 14కే వచ్చిందన్నారు. ఆదివారం పొద్దున పరగడుపున, చాయ్‌తో వేసుకుంటున్నానని మీరే రాశారు అక్కా. తేడా అక్కడే ఉండొచ్చు. డి విటమిన్ కొవ్వులో కరిగేది. తిన్నదాంట్లో కొవ్వు లేకపోతే ఒంటికి సరిగ్గా పట్టదు.

1. గోలీని ఆదివారం మధ్యాహ్నం, పప్పులో నెయ్యి వేసుకుని తిన్న వెంటనే వేసుకోండి. కోడిగుడ్డు కూరైనా సరే. ఉత్త పచ్చి పులుసు అన్నం చాలదు, అందులో కొవ్వు పోపు మందమే. చాలామంది తప్పేది ఇక్కడే. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, హన్మకొండలో డాక్టర్ చీటీ మీద "భోజనం తర్వాత" అని రాసినా ఎవరం చూడలేదు.

2. మెగ్నీషియం తక్కువైతే డి విటమిన్ ఒంట్లో పనికొచ్చే రూపంలోకి సరిగ్గా మారదు. దానికి వేరే గోలీలు అక్కర్లేదు. నువ్వులు, పల్లీలు, రాగి జావ తినండి. సర్వపిండిలో మొదటి రెండూ ఉండనే ఉన్నాయి!

3. ఫిట్స్ మందులు, బరువు తగ్గే మందులు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. వాటిలో కొన్ని డి విటమిన్‌ను అడ్డుకుంటాయి. బరువు ఎక్కువున్నా డి విటమిన్ నెమ్మదిగానే పెరుగుతుంది.

4. పెరగలేదని రోజూ ఒకటి మింగొద్దు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

మళ్లీ కోర్సు రాయాలా వద్దా అనేది డాక్టర్‌ను అడగండి. రాస్తే, మూడు నెలలకు అదే ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి.