బోరు నీళ్ల గారకి యాసిడ్ వద్దక్కా

బోరు నీళ్లకి కుళాయిలు తెల్లగా గారపడుతున్నాయని, యాసిడ్ పోస్తుంటే దగ్గొస్తోందని, గీజర్ వల్ల కరెంటు బిల్లు కూడా పెరిగిందని రాశారు కదక్కా, గారకీ, బిల్లుకీ రెండిటికీ మూలం ఆ నీళ్లలో సున్నమే. మాదీ ఒంగోలే, అదే నీళ్లు. యాసిడ్ ఆపేయండి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, లీటరు వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపి, అందులో పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట వదిలేస్తే గార మెత్తబడి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దగానే పొడిపొడిగా రాలిపోతుంది. మార్బుల్ మీద మాత్రం వద్దు, రాయి పాడవుతుంది. బ్లీచింగ్ పౌడర్‌తో అస్సలు కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రమాదం. గీజర్ లోపల రాడ్‌కీ ఇదే గార పట్టి నీళ్లు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది, ఒకసారి మెకానిక్‌ని పిలిచి విప్పించి శుభ్రం చేయించండి. స్నానాలయ్యాక స్విచ్ ఆపేయండక్కా.