ఫ్యానీ ఫెర్న్ గంపగుత్త బేరానికి ఒప్పుకోలేదు

ఫ్యానీ ఫెర్న్ అనే అమెరికన్ పత్రికా రచయిత్రి జీవితం గురించి చెప్పమనీ, ఆమె నవల ‘రూత్ హాల్’ ఇప్పుడు చదవదగినదేనా చెప్పమనీ అడిగారు. నేను 11 ఏళ్లు ఒక వారపత్రికలో స్త్రీల శీర్షిక రాశాను. ఆమె జీవితాన్ని నేను చదివినది ఆ అనుభవంలోంచే కాబట్టి, జవాబులో నా సంగతి కూడా కొంత చెప్పక తప్పదు.

1998లో నా వ్యాసాలను పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణకర్త ముందుకు వచ్చారు. “అమ్మా, రాయల్టీ అంటే ఏటేటా లెక్కలు, చిక్కులు. గంపగుత్తగా ఇచ్చేస్తాం, తీసుకోండి” అని 4,000 రూపాయలు చేతిలో పెట్టి, సర్వహక్కులూ రాసిచ్చినట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఎనిమిదేళ్ల తర్వాత విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఆ పుస్తకం అయిదో ముద్రణను నేనే డబ్బు పెట్టి కొనుక్కున్నాను. ఆ మధ్యలో జరిగిన ముద్రణల కబురు కూడా నాకు ఎవరూ చెప్పలేదు. 2014లో మసాచుసెట్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఆ ఊరి గ్రంథాలయంలో ఫ్యానీ ఫెర్న్ జీవితచరిత్ర దొరికింది. నేను సంతకం పెట్టడానికి దాదాపు 145 ఏళ్ల ముందే ఒక స్త్రీ ముందు సరిగ్గా ఇదే బేరం పెట్టారనీ, ఆమె దానికి ఒప్పుకోలేదనీ చదివి ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

ఆమె అసలు పేరు సారా విల్లిస్. 1811 జూలై 9న ఇప్పటి మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. తండ్రి నథానియెల్ విల్లిస్ బోస్టన్‌లో మతపత్రికను, ఆ తర్వాత ‘యూత్స్ కంపానియన్’ అనే పిల్లల పత్రికను నడిపారు. అన్న ఎన్. పి. విల్లిస్ ఆనాటి అమెరికాలో పేరు మోసిన కవి, సంపాదకుడు. అచ్చు సిరా వాసన తెలిసిన ఇల్లు కావడంతో చిన్నప్పుడే ఆమె తండ్రి పత్రికకు ప్రూఫులు దిద్దేవారు. 1837లో బ్యాంకు ఉద్యోగి చార్లెస్ ఎల్‌డ్రెడ్జ్‌ను పెళ్లాడారు. ముగ్గురు కూతుళ్లు పుట్టారు. 1844లో తల్లి, 1845లో పెద్ద కూతురు, 1846లో టైఫాయిడ్‌తో భర్త పోయారు. భర్త మిగిల్చి వెళ్లినవి అప్పులు. పుట్టింటివారూ అత్తింటివారూ ఇచ్చిన కొద్దిపాటి సాయాన్ని పదే పదే గుర్తుచేస్తూ ఇచ్చారు. కుట్టుపని ఇద్దరు పిల్లల తిండికి చాలలేదు. తండ్రి ఒత్తిడి మీద 1849లో శామ్యూల్ ఫారింగ్టన్‌తో జరిగిన రెండో పెళ్లి దుర్భరమైంది. 1851లో ఆమె ఆ ఇంటినుంచి బయటకు వచ్చేశారు. భర్తను వదిలివచ్చిన స్త్రీకి ఆ కాలపు బోస్టన్‌లో ఏపాటి గౌరవం దక్కిందో, ఆమెపై పుట్టిన పుకార్లను బట్టే తెలుస్తుంది.

ఆ ఏడాదే ‘ఆలివ్ బ్రాంచ్’ అనే బోస్టన్ పత్రిక ఆమె చిన్న రచన ఒకటి వేసుకుని 50 సెంట్లు ఇచ్చింది. వెంటనే ‘ట్రూ ఫ్లాగ్’ అనే మరో పత్రికకూ రాయడం మొదలుపెట్టారు. ఫ్యానీ ఫెర్న్ అనే కలం పేరు అప్పుడు పెట్టుకున్నదే. ఇక్కడ ఆనాటి పత్రికల అలవాటు ఒకటి తెలుసుకోవాలి. ఒక పత్రికలో వచ్చినదాన్ని మరో పత్రిక, రచయితకు పైసా ఇవ్వకుండా, యథేచ్ఛగా తిరిగి అచ్చు వేసుకునేది. ఆ విధంగా ఆమె రచనలు కొద్ది నెలల్లో దేశమంతా పాకాయి, కానీ ఆమె చేతికి వచ్చినవి మొదటిసారి అచ్చుకు ఇచ్చిన చిల్లర డబ్బులే. అన్నకు కొన్ని రచనలు పంపి సాయం అడిగితే, అవి మోటుగా, మర్యాద తప్పి ఉన్నాయంటూ ఆయన తిప్పి పంపారు. విచిత్రం ఏమిటంటే, ఆ అన్న పత్రిక ‘హోమ్ జర్నల్’లో పనిచేసే జేమ్స్ పార్టన్ అనే యువకుడు, ఫ్యానీ ఫెర్న్ ఎవరో తెలియకుండానే, ఆమె రచనలను ఇష్టంతో ఆ పత్రికలో పునర్ముద్రించసాగారు. విల్లిస్ ఆపమన్నప్పుడు ఆయన ఉద్యోగమే వదులుకున్నారు. ఈ పార్టన్‌నే ఆమె 1856లో, తన సంపాదన తనకూ తన పిల్లలకే చెందుతుందని ముందుగా ఒప్పందం రాయించుకుని మరీ, పెళ్లాడారు. పెళ్లయిన స్త్రీ సంపాదన భర్తదేనని చట్టం చెప్పిన రోజుల్లో ఆ కాగితం విలువ ఎంతో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ బేరం సంగతి. 1853లో ఆమె రచనలను ‘ఫెర్న్ లీవ్స్’ పేరుతో పుస్తకంగా వేయదలచిన డెర్బీ అనే ప్రచురణకర్త, కాపీరైటు మొత్తానికి 1,000 డాలర్లు తీసుకోవడమా, ప్రతి పుస్తకానికి 10 సెంట్ల రాయల్టీ తీసుకోవడమా తేల్చుకోమన్నారు. అప్పటికి ఆమె ఉంటున్నది అద్దె గదిలో. మిగిలిన ఇద్దరు కూతుళ్లలో పెద్దదైన గ్రేస్‌ను అత్తమామల దగ్గర ఉంచవలసి వచ్చిన తల్లి ఆమె. వెయ్యి డాలర్లు ఒక్కసారి కళ్లబడితే ఏ తల్లి అయినా చెయ్యి చాచేది, నేను నాలుగు వేలకే చాచాను. ఆమె రాయల్టీ కోరుకున్నారు. ఏడాది తిరగకుండానే ఆ పుస్తకం అమెరికాలో 70,000 ప్రతులు అమ్ముడుపోయింది. ప్రతికి 10 సెంట్ల లెక్కన అది 7,000 డాలర్లు. ఆమె కూతురిని తన దగ్గరకు తెచ్చుకోగలిగారు. తన రాతకు ముందుముందు ఎంత విలువ రాబోతుందో, డబ్బు పెట్టేవాడికంటే ముందుగా, దాన్ని రాసిన మనిషే గుర్తించడం నాకు ఆమె జీవితం మొత్తంలో అత్యంత గొప్ప ఘట్టంగా తోస్తుంది.

‘రూత్ హాల్’ 1854 డిసెంబరులో వచ్చింది. అది చాలావరకు ఆమె కథే. భర్త పోయిన రూత్, పీనాసి బంధువులు, సాయం నిరాకరించిన హయాసింత్ అనే సంపాదక సోదరుడు, ఆఖరికి కలంతో నిలదొక్కుకోవడం. కలం పేరు వెనక దాగి ధైర్యంగా రాసిన ఈ నవల వెలువడిన కొద్దిరోజులకే, ‘ట్రూ ఫ్లాగ్’ సంపాదకుడు మౌల్టన్ ఆమె అసలు పేరు బయటపెట్టారు. సొంత తండ్రినీ అన్ననూ బజారుకీడ్చిన స్త్రీ అని విమర్శకులు విరుచుకుపడ్డారు. రచయిత్రుల మీద అప్పుడే ఈసడింపుగా ఉత్తరం రాసిన అమెరికన్ నవలాకారుడు నథానియెల్ హాథార్న్ మాత్రం, ఈ నవల చదివాక ఆమెను ఆ మాటనుంచి మినహాయిస్తూ మరో ఉత్తరం రాశారు. నా అభిప్రాయంలో నవలకు లోపాలు లేకపోలేదు. అత్తగారి పాత్రకు ఒకటే రంగు పూశారు, కొన్ని కన్నీటి ఘట్టాలు అవసరానికి మించి సాగుతాయి. అయితే నవల ముగింపు దగ్గర రూత్‌కు పెళ్లి జరగదు. ఆమె పేరు మీద ఉన్న బ్యాంకు షేర్ల ధ్రువపత్రాన్ని అచ్చంగా కాగితం మీద ఉన్నట్టే పుస్తకంలో ముద్రించారు. పెళ్లి శుభలేఖ ఉండవలసిన చోట షేర్ల పత్రం పెట్టిన నవల అంతకుముందు నేను చదవలేదు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1855లో ‘న్యూయార్క్ లెడ్జర్’ అధిపతి రాబర్ట్ బానర్ ఆమె కథ ఒకదానికి పత్రికలో కాలమ్ ఒక్కింటికి 100 డాలర్ల చొప్పున ఇచ్చారు. 1856 జనవరి నుంచి ఆమె అదే పత్రికలో ప్రతివారం శీర్షిక రాశారు. వాల్ట్ విట్మన్ కవిత్వాన్ని అసభ్యమని చాలామంది తిట్టిపోస్తున్నప్పుడు, ఆ శీర్షికలోనే ఆమె దాన్ని సమర్థించారు. 1868లో పత్రికలవాళ్లు చార్లెస్ డికెన్స్‌కు ఇచ్చిన విందులోకి స్త్రీలను రానివ్వనందుకు, పాత్రికేయురాలు జేన్ క్రోలీ తదితరులతో కలిసి సొరోసిస్ అనే మహిళా సంఘాన్ని స్థాపించారు. క్యాన్సర్‌తో బాధపడుతూ కూడా శీర్షిక ఆపలేదు. 1872 అక్టోబరు 10న ఆమె మరణించారు.

ఆమె సమాధి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో, మొదటి భర్త పక్కన ఉంది. మా అమ్మాయి నన్ను అక్కడికి తీసుకెళ్లింది. రాతి మీద ఫెర్న్ ఆకులు చెక్కి ఉన్నాయి. పుట్టింటి పేరు గానీ ముగ్గురు భర్తల్లో ఎవరి ఇంటిపేరు గానీ లేదు, ‘ఫ్యానీ ఫెర్న్’ అని మాత్రమే ఉంది. ఆ రాయిని పెట్టించింది ఆమెకు వారంవారం డబ్బు చెల్లించిన బానర్. తిరిగి వచ్చాక నా రెండో పుస్తకానికి 10 శాతం రాయల్టీ, ప్రతి ముద్రణకూ ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలన్న షరతు అడిగాను. ఇద్దరు ప్రచురణకర్తలు కాదన్నారు, మూడోవారు ఒప్పుకున్నారు.

కనుక ‘రూత్ హాల్’ తప్పక చదవండి. కాపీరైటు గడువు ఎప్పుడో ముగిసింది కాబట్టి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. 90 చిన్న అధ్యాయాలు ఉన్నాయని బెదరవద్దు, చాలా అధ్యాయాలు రెండు మూడు పేజీలే. మొదటి భాగం నెమ్మదిగా అనిపిస్తే, ముందు ‘ఫెర్న్ లీవ్స్’లోని చిన్న రచనలు నాలుగయిదు చదివి, ఆమె గొంతు అలవాటయ్యాక నవలకు రండి.