రెంబ్రాంట్ 'తప్పిపోయిన కుమారుడు' బొమ్మలో తండ్రి చేతులు రెండూ ఒకేలా ఎందుకు లేవు?

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ఈ బొమ్మను హన్మకొండలో చుట్టాలింటి గోడ మీద చూశానని, తండ్రి చేతులు వేరువేరుగా ఉన్నాయని, కుడివైపు నిలబడ్డది ఎవరని ఒకరు అడిగారు. ఇది బైబిల్ కథ: ఆస్తిలో తన వాటా తీసుకెళ్లి, అంతా పోగొట్టుకొని తిరిగొచ్చిన చిన్న కొడుకును తండ్రి దగ్గరికి తీసుకుంటాడు.

ఒక చెయ్యి వెడల్పుగా, మొరటుగా ఉంటుంది. ఇంకోటి సన్నగా, మెత్తగా. ఒకటి తండ్రిది, ఇంకోటి తల్లిది అన్నట్టు చాలామంది చెప్తారు. నాకూ ఆ మాట నచ్చుతుంది కానీ రెంబ్రాంట్ అలా రాసిపెట్టలేదు, అది మనం చెప్పుకునే అర్థమే.

నన్నడిగితే ముందు కొడుకు పాదాలు చూడాలి. ఒక కాలి చెప్పు ఊడి అరికాలు కనిపిస్తుంది, రెండోది అరిగిపోయింది. ఈ కథ ఉన్న లూకా సువార్త 15వ అధ్యాయంలో తండ్రి మంచి బట్టలు, ఉంగరంతో పాటు చెప్పులు కూడా తెమ్మంటాడు. ఆ చెప్పులు ఎందుకో ఈ పాదాలు చూస్తే తెలుస్తుంది. దుబాయ్ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన కొడుకును చూసిన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నడుముకు చిన్న కత్తి మాత్రం ఇంకా ఉంది, అన్నీ అమ్ముకున్నా అదొక్కటి మిగిలింది.

కుడివైపు ఎర్రటి పైవస్త్రంతో, చేతులు దగ్గరికి పట్టుకొని నిలబడ్డది పెద్ద కొడుకని ఎక్కువమంది అభిప్రాయం. కథలో ఆ సమయానికి అతను పొలంలో ఉంటాడు, తర్వాత కోపంతో ఇంట్లోకే రానంటాడు. చిత్రకారుడు కావాలనే అతన్ని ఇక్కడికి తెచ్చాడు. 1669లో చనిపోయే ముందు చివరి ఏళ్లలో గీసిన ఈ బొమ్మ ఇప్పుడు రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది.