బంగారు ఫ్రేమ్‌కి తడిగుడ్డ తగలనివ్వకు

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. ఉద్యోగం మానేసి చిక్కడపల్లిలో పాత ఫ్రేములు బాగుచేసే షాపు పెడుతున్నావట. మీ నాన్నకి ఒకటే టెన్షన్. నాకూ ఉందనుకో, కానీ సంగతి తెలిసిన రోజు నా షాపుకొచ్చిన ప్రతివాడికీ ఈ కబురే చెప్పాను.

అద్దె, జీఎస్టీ మీ నాన్న చూసుకుంటాడు. చెక్క బాగా ఎండిందే కొను. మూలలు 45 డిగ్రీలకు కోసేటప్పుడు కాస్త తేడా వచ్చినా నాలుగో మూల నోరు తెరుస్తుంది.

అసలు భయం బంగారు ఫ్రేములతోనే. చెక్క మీద సుద్దపొడి, తోలు జిగురు కలిపిన జెస్సో పూత, దానిమీద బోల్ అనే ఎర్రమట్టి, ఆపైన ఊపిరి తగిలితే ఎగిరిపోయే బంగారు రేకు. ఆ జిగురు నీళ్లకి కరుగుతుంది. నేను పని నేర్చుకున్న షాపులో ఓ కుర్రాడు అలాంటి ఫ్రేమ్‌ని తడిగుడ్డతో తుడిచాడు. గుడ్డకి ఎర్రగా అంటితే మురికి వదులుతోందనుకుని ఇంకా గట్టిగా రుద్దాడు. వదిలింది బోల్! కాసేపటికి పువ్వుల అంచుల్లో తెల్ల సుద్ద బయటపడింది. ఓనరేమో గోల్డ్ పెయింట్ కొట్టించి ఇచ్చేశాడు. అది ఇత్తడి పొడి, రాగి ఉంటుంది కదా, కొన్నేళ్లకి నల్లబడింది. పాతబస్తీ నుంచి ఆ ఫ్రేమ్ మోసుకొచ్చిన పెద్దావిడ గొడవ పడలేదు. తాతగారి ఫొటో మాత్రం తీసుకుని, ఫ్రేమ్ మా బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

అందుకే ముందు మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులుపు. తర్వాత కనపడని మూల, చెవిలో పెట్టుకునే దూదిపుల్లని లేశంగా తడిపి ఒక్కసారి అద్ది చూడు. రంగు అంటిందా, ఆపెయ్. కస్టమర్ ఎంత తొందరపెట్టినా సరే. ఊడిన నగిషీ ముక్కలు ఏ మూలవో రాసి కవర్లో దాచు. ఒక మూల పోతే, బాగున్న మూల నుంచి అచ్చు తీసి పోత పోయొచ్చు. ఫొటోకి అద్దం ఆనకుండా మధ్యలో మౌంటు అనే అట్ట చట్రం పెట్టు, మన వానాకాలం చెమ్మకి రెండూ అతుక్కుపోతాయి. అద్దం కోసేటప్పుడు గ్లౌజులు వేసుకో. చిన్నప్పుడు పెన్సిల్ చెక్కినా వేలు కోసుకునేదానివి, మొండిఘటం.

సాలార్‌జంగ్‌లో యూరప్ పెయింటింగుల గదికి వెళ్లి ఈసారి బొమ్మలు కాదు, ఫ్రేముల మూలలు చూడాలి. శుక్రవారం మూసేస్తారు, ఆదివారం రా, నేనూ వస్తాను. టిఫిన్ చెయ్యకు, పిన్ని పెసరట్లు వేస్తానంది.

బాబాయి