ముందు డిగ్రీ, తర్వాత పియానో అంటే కుదరదమ్మా

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకుంది. పియానోలో లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే పరీక్షల్లో ఏడో గ్రేడ్ అయింది. ఈమధ్య పుస్తకంలో ఉన్నది వాయించడం తగ్గించేసి, రాగాలకు కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) కలుపుతూ సొంతంగా ఏదేదో వాయిస్తోంది. జాజ్ పియానిస్ట్‌ని, కంపోజర్‌ని అవుతానని, జేఈఈ కోచింగ్ మానేస్తానని అంటోంది. వాళ్ల నాన్నేమో "ముందు బీటెక్ పూర్తి చెయ్, తర్వాత నీ ఇష్టం" అంటున్నారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. అసలు ఇది కెరీరేనా? ఏం చెప్పమంటారు? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, "సొంతంగా ఏదేదో వాయిస్తోంది" అని మీరు బాధపడుతూ రాశారు. ఉత్తరం మొత్తంలో నాకు ధైర్యమిచ్చిన మాట అదే. ఏడో గ్రేడ్ దాకా వచ్చినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. పుస్తకం మూసేసి పది నిమిషాలు వాయించమంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లే అందులో ఎక్కువ. మీ అమ్మాయి ఆ దశ దాటింది.

తను చేస్తున్నది పిచ్చి పని కాదని మీకు తెలియాలి. ఒకసారి పియానో దగ్గర తన పక్కన కూర్చోండి. సీ (C) స్వరం దగ్గర మొదలుపెట్టి తెల్ల మెట్లన్నీ (కీలన్నీ) వరసగా వాయించమనండి. అది శంకరాభరణం. ఇప్పుడు ఎఫ్ (F) వదిలేసి దాని పక్కనున్న నల్ల మెట్టు నొక్కమనండి, కల్యాణి అవుతుంది. జాజ్ వాళ్లు ఆ స్వరాల వరసనే లిడియన్ అంటారు. ఎడమ చేత్తో సీ మేజర్, డీ మేజర్ కార్డ్స్ మార్చి మార్చి పట్టుకుని, కుడి చేత్తో కల్యాణిలో స్వరాలు వేస్తే రెండు లోకాలూ ఒకే గదిలోకి వస్తాయి. మన కచేరీల్లో ఆలాపన, కల్పనస్వరాలు అప్పటికప్పుడు పుట్టేవే కదా. మనోధర్మం అని మనం ఎంతో గౌరవంగా చెప్పుకునేదే జాజ్‌లో ఇంప్రొవైజేషన్. ఇబ్బంది కూడా ఉంది. పియానో మీద గమకం పలకదు. మెట్టు నొక్కాక ఆ స్వరం అక్కడే ఉండి సన్నబడిపోతుంది తప్ప పక్క స్వరంలోకి జారదు. కాబట్టి రాగాన్ని ఉన్నదున్నట్టు దింపడం కుదరదు. లయతోనో, కార్డ్స్‌తోనో, వేలి బరువుతోనో వేరే దారి వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే తన చదువు.

ఇక మీవారి మాట. "ముందు డిగ్రీ, తర్వాత నీ ఇష్టం" అనే తండ్రులు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్లకు నేను విజయ్ అయ్యర్ గురించి చెప్తాను. తమిళ తల్లిదండ్రులకు 1971లో అమెరికాలోని ఆల్బనీలో పుట్టాడు. మూడో ఏటి నుంచి పదిహేనేళ్లు వెస్టర్న్ క్లాసికల్ వయొలిన్ నేర్చుకున్నాడు. పియానో మాత్రం చాలావరకు చెవితో విని సొంతంగా పట్టుకున్నదే. యేల్ యూనివర్సిటీలో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివి, ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ కోసం కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీకి వెళ్లాడు. ఈరోజు ప్రపంచం మెచ్చిన జాజ్ పియానిస్టుల్లో ఒకడు. 2013లో అమెరికాలో ప్రతిభావంతులకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, 2014 నుంచి హార్వర్డ్‌లో ప్రొఫెసర్.

ఇంతవరకు వినగానే తండ్రులు "చూశారా, చదువయ్యాకే కదా!" అంటారు. అక్కడే పొరపాటు పడుతున్నారు. ఆయన మొదటి ఆల్బమ్ 1995లో వచ్చింది. పీహెచ్‌డీ పూర్తయింది 1998లో. బర్కిలీలో చదువుకుంటూనే ఆ చుట్టుపక్కల క్లబ్బుల్లో వాయించాడు, తనకంటే పెద్ద కళాకారుల దగ్గర పని నేర్చుకున్నాడు. మధ్యలో ఫిజిక్స్ వదిలి, సంగీతాన్ని మనసూ శరీరమూ ఎలా గ్రహిస్తాయనే విషయం మీద పరిశోధన చేశాడు. ఒకటి ముగించి రెండోది మొదలుపెట్టలేదు, రెండూ పక్కపక్కనే నడిపాడు. సంగీతం ఏనాడూ అటకెక్కలేదు.

2011లో ఆయన "తీర్థ" అని ఒక ఆల్బమ్ చేశాడు. వాయించింది ముగ్గురే. పియానో మీద ఈ ఫిజిక్స్ చదివిన విజయ్ అయ్యర్. కర్ణాటక సంగీతాన్ని గిటార్ మీద పలికించే ప్రసన్న, ఐఐటీ మద్రాస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైన్) చదివి తర్వాత బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలకు (ఇది వేరే) వెళ్లినవాడు. తబలా మీద మన హైదరాబాద్‌లో నేర్చుకోవడం మొదలుపెట్టిన నితిన్ మిట్టా. మీవారికి ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక ఆ ఆల్బమ్ వినిపించండి. నేను చెప్పే మాటల కంటే అది బాగా పని చేస్తుంది.

చాలా ఏళ్ల క్రితం ఒక అబ్బాయి విషయంలో నేను తప్పు చేశాను. అచ్చం మీ అమ్మాయి లాంటివాడే. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్‌లో వేస్తామని తల్లిదండ్రులు అంటే, రెండేళ్లే కదా, తర్వాత మళ్లీ మొదలుపెట్టొచ్చని నేనూ తలూపాను. అక్కడ కీబోర్డ్ ఉంచుకోనివ్వలేదు. ఉదయం ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లే. ఇంజినీరింగ్ సీటు వచ్చింది. తర్వాత కలిసినప్పుడు "సార్, వేళ్లు తిరగట్లేదు అన్నది పెద్ద విషయం కాదు, చెవిలో ఏమీ వినపడట్లేదు" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పదహారు, పదిహేడేళ్లప్పుడు చెవిని వాడకుండా వదిలేస్తే మొద్దుబారిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

అందుకే ఎంపీసీ మానొద్దు అంటాను, హాస్టల్ కోచింగ్ మాత్రం వద్దు అంటాను. ఇంటి నుంచి వెళ్లి వచ్చే కాలేజీ చూడండి. ఈఏపీసెట్‌కు చదవనివ్వండి, జేఈఈ టెన్షన్ తీసేయండి. రోజుకు రెండు గంటలు పియానోవి. పరీక్షల ముందు రోజైనా గంటకు తగ్గకూడదు. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు. ఆ రెండు గంటలు మిగిల్చే డిగ్రీ, వాయించేవాళ్లు దొరికే ఊరు, ఈ రెండూ చూసుకోండి. ఆ లెక్కన హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మేలు. ఎందుకంటే జాజ్ ఒంటరిగా ఇంట్లో కూర్చుని వచ్చే విద్య కాదు. డ్రమ్స్ వాళ్లు, బేస్ వాళ్లు పక్కనుండాలి.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. పియానిస్ట్, కంపోజర్ అనేది నెల జీతమొచ్చే ఒక ఉద్యోగం కాదు. నాలుగైదు చిన్న ఆదాయాలు కలిస్తే ఒక బతుకు. పాఠాలు చెప్పడం, కచేరీలు, స్టూడియోలో సెషన్ వాయించడం, షార్ట్ ఫిల్ములకు, యాడ్స్‌కు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్, తన సంగీతం వాడినప్పుడు వచ్చే రాయల్టీలు. మొదటి ఐదారేళ్లు పాఠాలే అన్నం పెడతాయి. అది ఓటమి అనుకోకండి. విజయ్ అయ్యర్ అంతటివాడు కూడా పాఠాలు చెప్తూనే ఉన్నాడు. తను కట్టిన సంగీతం బయటికి రావడం మొదలయ్యాక కంపోజర్ల తరఫున రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమాకు చేసిన సంగీతం థియేటర్ బయట ఎక్కడ వాడినా కంపోజర్‌కు రాయల్టీలో వాటా ఉంటుంది, ఆ హక్కును వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. చాలామంది కొత్తవాళ్లు ఇది తెలియకుండానే కాగితాల మీద సంతకాలు పెట్టేస్తున్నారు.

సంగీతమే ప్రధానంగా చదవాలంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. అమెరికాలోని బర్క్‌లీ సంగీత కళాశాలలో ఫీజే ఏడాదికి 45 వేల డాలర్లు దాటుతుంది. స్కాలర్‌షిప్ లేకుండా దానికోసం పొలం అమ్మొద్దు, ఇల్లు తాకట్టు పెట్టొద్దు. ఆడిషన్‌లో మాత్రం వాళ్లు అడిగేవాటిలో చెవి జ్ఞానం, చూసి వాయించడం, ఇంప్రొవైజేషన్ ఉంటాయి. చివరిది తను ఇప్పుడు ఇంట్లో చేస్తున్నదే. ఎనిమిదో గ్రేడ్ కూడా రాయించండి. ట్రినిటీ క్లాసికల్ పరీక్షలో ఇంప్రొవైజేషన్‌ను ఎంచుకునే వీలుంది. టీచర్లు సాధారణంగా దాని జోలికి పోనివ్వరు. మీ అమ్మాయిని అదే ఎంచుకోమనండి.

ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డ్ అయితే మార్చాలి. దాని మెట్లు తేలిక, వేళ్లకు బలం రాదు. 88 మెట్లు, బరువున్న మెట్లు ఉన్న డిజిటల్ పియానో కొనండి. నలభై, యాభై వేల నుంచి దొరుకుతాయి. కోచింగ్‌కు కట్టబోయే డబ్బులో అది కొంత భాగమే.

మంచి వాయిద్యం లేదని పని ఆగకూడదని కూడా తనకు చెప్పండి. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ ఒపెరా హౌస్‌లో కీత్ జారెట్ అనే అమెరికన్ పియానిస్ట్‌కు తను అడిగిన పెద్ద గ్రాండ్ పియానో బదులు రిహార్సల్స్‌కు వాడే చిన్న పియానో పెట్టారు. పై స్వరాలు రేకులా మోగుతున్నాయి, కింది స్వరాల్లో పస లేదు, పెడళ్లు సరిగ్గా పని చేయట్లేదు. పైగా ఆయనకు నడుం నొప్పి, నిద్ర లేదు. వాయించనని వెళ్లిపోబోతుంటే, కచేరీ ఏర్పాటు చేసిన టీనేజ్ అమ్మాయి వేరా బ్రాండెస్ బతిమాలి ఒప్పించింది. బాగున్న మధ్య స్వరాల్లోనే ఎక్కువగా ఉండి, ఎడమ చేత్తో ఒకే వరసను తిప్పి తిప్పి వాయిస్తూ గంటకు పైగా అప్పటికప్పుడు సంగీతం కట్టాడు. ఆ రికార్డింగ్ లక్షల్లో అమ్ముడుపోయింది. అదే మనిషి తర్వాత పాతకాలపు జర్మన్ కంపోజర్ బాఖ్ రచనలను పుస్తకంలో ఉన్నదున్నట్టు రికార్డ్ చేశాడు. 2018లో రెండుసార్లు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి సరిగ్గా కదలకుండా పోయింది. ఇది చేతుల మీద నడిచే వృత్తి. కూర్చునే తీరు, మణికట్టు, మధ్యలో విశ్రాంతి ఇప్పటి నుంచే చూసుకోవాలి. ఒక డిగ్రీ చేతిలో ఉండాలని నేను చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీవారిని పియానో పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మోహనంలో ఒక ఐదు స్వరాలు ఏ వరసలోనైనా ఆయననే పాడమనండి, శ్రుతి తప్పినా పర్వాలేదు. మీ అమ్మాయి ఆ ఐదు స్వరాల్నే తీసుకుని ఐదు నిమిషాలు ఆపకుండా వాయించాలి. ఫోన్‌లో రికార్డ్ చేసి తేదీ రాసి పెట్టండి. ప్రతి నెలా ఇలాగే చేసి, ఆరు నెలలకు మొదటిదీ ఆఖరుదీ ముగ్గురూ కలిసి వినండి. విన్నాక మీవారు ఏమన్నారో నాకు రాయండి.