ఇద్దరు హీరోలు, పైకి చెప్పని మాట

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఇద్దరు మగవాళ్లు దగ్గరగా నిలబడితే చాలు, వాళ్ల మధ్య ఆకర్షణ ఉందని రాసేస్తున్నారు. స్నేహాన్ని స్నేహంగా చూడలేమా? తేడా దేన్నిబట్టి చెప్పాలి?

జవాబు: చూడొచ్చు. చాలా సినిమాల్లో అలాగే చూడాలి కూడా. కౌగిలించుకున్నారనో, ఒకరికోసం ఒకరు ప్రాణమిచ్చారనో ఆకర్షణ అంటగట్టడం తొందరపాటు. మన ఆలంకారికులు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. ‘గంగలో పల్లె’ అన్నామనుకోండి, నీళ్లమీద ఊరుండదు. మాటకున్న మామూలు అర్థం కుదరదు కాబట్టి ‘గంగ ఒడ్డున పల్లె’ అని ఇంకో అర్థం వెతుక్కుంటాం. సినిమాకూ ఇదే కొలత పెట్టండి. ‘వీళ్లు స్నేహితులు’ అన్న అర్థం ఏ దృశ్యం దగ్గర చాలకుండా పోతుందో అక్కడ ఆగండి. చాలినచోట ఇంకేమీ తవ్వనక్కర్లేదు.

పని ఇలా చేయాలి. దృశ్యాన్ని ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి శబ్దం తీసేసి, ఒక్కో షాట్‌కి ఒక్కో వరుస రాయండి: ఎవరు ఎవర్ని చూస్తున్నారు, చూపు ఎక్కడ ఆగింది, ఎన్ని సెకన్లు, కట్ అయ్యాక ఎవరి ముఖం వచ్చింది. మూడోసారి బొమ్మ చూడకుండా వినండి, సంగీతం ఏ మాట దగ్గర అందుకుందో గుర్తు పెట్టండి. ఆ తర్వాత అదే సినిమాలో హీరో హీరోయిన్ల ప్రేమ దృశ్యం ఒకటి ఇలాగే రాసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ప్రేమను ఆ సినిమా ఏ గుర్తులతో చెబుతుందో అందులోనే ఉంటుంది. వేరే సినిమా నుంచి కొలబద్ద తెచ్చుకోవడం దగ్గరే ఎక్కువమంది తప్పుతారు.

1982 నాటి ‘స్టార్ ట్రెక్ 2: ద రాత్ ఆఫ్ ఖాన్’ని ఇలా చూడండి. మొదట్లో అంతరిక్ష నౌక అధికారి స్పాక్ తన గదిలో, పై అధికారి కిర్క్‌తో, నువ్వు నా పై అధికారివి, నా స్నేహితుడివి, నేనెప్పుడూ నీవాణ్నే అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. చివర రేడియేషన్ నిండిన గదిలో ప్రాణం పోతుండగా అదే మాట మళ్లీ అంటూ, ఈసారి ‘నీ స్నేహితుణ్ని’ అని పూర్తి చేస్తాడు. మధ్యలో గాజు గోడ. దానికి అటు స్పాక్ చెయ్యి, ఇటు కిర్క్ చెయ్యి. కిర్క్ మాజీ ప్రియురాలు కరోల్ కూడా ఈ కథలో ఉంది, కానీ వాళ్లిద్దరికీ ఇంత బరువైన దృశ్యం లేదు. ఎడబాటు నొప్పంతా ఆ గాజు దగ్గరే ఉంది. దీన్ని బలమైన సూచన అంటాను, రుజువు అనను.

ప్రశ్న: మిగతా సినిమాల్లో లేనిది సైన్స్ ఫిక్షన్‌లో ఏముంది?

జవాబు: ఒంటిని ఒంటికి దగ్గర చేయడానికి కథలోనే సాకు దొరుకుతుంది. రక్త పరీక్ష, మనసులో మనసు కలపడం, ఒకే ఇరుకు గదిలో నెలల తరబడి ప్రయాణం. పోలీసు కథలో ఎవరైనా ‘ఇదేమిటి?’ అని అడిగేది, ఇక్కడ యంత్రం పనిచేయడానికి అవసరమైన మెట్టు అయిపోతుంది.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే గట్టి ఉదాహరణ ‘గట్టాకా’ (1997, దర్శకుడు ఆండ్రూ నికోల్). జన్యువుల్ని బట్టి ఉద్యోగాలిచ్చే లోకంలో విన్సెంట్‌కి అంతరిక్షానికి వెళ్లే అర్హత లేదు. నడుము కింద చచ్చుబడిన ఈతగాడు జెరోమ్ తన పేరు, రక్తం, మూత్రం, వెంట్రుకలు అతనికిస్తాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. పొద్దున్నే ఒకరి శరీరపు నమూనాలు ఇంకొకరి ఒంటిమీదికి చేరతాయి. ఇంతవరకూ ఇది ఒప్పందమని సరిపెట్టుకోవచ్చు.

వెంట్రుక దగ్గర ఆగండి. విన్సెంట్ ప్రేమించే సహోద్యోగి ఐరీన్ తన తల వెంట్రుక ఒకటి పీకి అతనికిస్తుంది, కావాలంటే పరీక్ష చేయించుకోమని. అతను దాన్ని గాలికి వదిలేస్తాడు. తర్వాత అతను తన వెంట్రుక ఇస్తే ఆమె కూడా అలాగే వదిలేస్తుంది. అంటే వెంట్రుక ఇవ్వడం ప్రేమకు, నమ్మకానికి గుర్తని ఈ సినిమా మనకు ముందే నేర్పింది. చివర్లో జెరోమ్ ఒక కవరు ఇచ్చి, పైకి వెళ్లాక తెరవమంటాడు. విన్సెంట్ రాకెట్‌లో తెరిస్తే అందులో ఉన్నది జెరోమ్ జుట్టు పాయ. అది పరీక్షకి ఇచ్చింది కాదు, ఆ నమూనాలు అతను విడిగా దాచి ఉంచాడు. కింద జెరోమ్ తన వెండి పతకం మెడలో వేసుకుని కొలిమిలోకి వెళ్తాడు, ఆ మంటా రాకెట్ మంటా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. స్నేహం అన్న మాట నాకు చాలనిది ఇక్కడే. ‘జెరోమ్ గే’ అని తీర్పు చెప్పనక్కర్లేదు. పాత్ర ఎవరో చెప్పడం వేరు, దృశ్యం ఏం పలుకుతోందో చెప్పడం వేరు. వ్యాసాలు చెడేది ఈ రెండింటినీ కలిపేసినప్పుడే.

ప్రశ్న: తీసినవాళ్లే కాదంటున్నప్పుడు మనం ఔననడం న్యాయమా?

జవాబు: ముందు ఏ కాలం సినిమానో చూడండి. హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ (సినిమా పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సెన్సార్ నియమావళి) స్వలింగ ప్రేమను తెరమీద నిషేధించింది. 1961లో ఆ నియమం కాస్త సడలింది, 1968లో కోడే పోయి రేటింగులొచ్చాయి. ఆ మధ్య తీసినవాటిలో ఏదైనా చెప్పాలంటే చాటుగా చెప్పడమే దారి. 1935లో జేమ్స్ వేల్ తీసిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ అప్పటిదే. భార్య దగ్గరున్న శాస్త్రవేత్త హెన్రీ ఫ్రాంకెన్‌స్టైన్‌ని మళ్లీ ప్రయోగశాలకి లాక్కెళ్లడానికి రాత్రివేళ డాక్టర్ ప్రిటోరియస్ వస్తాడు. ఇద్దరు మగవాళ్లు కలిసి ప్రాణిని సృష్టిస్తామనడం ఆ కథకి ఇరుసు.

కాదనడం కూడా ఒక్కోసారి తలుపు తెరుస్తుంది. 1979లో ‘స్టార్ ట్రెక్’ మొదటి సినిమాకి ఆ కథల సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రాసిన నవలలో ఒక అధోజ్ఞాపిక (పేజీ అడుగున ఇచ్చే వివరణ) ఉంది. స్పాక్ కిర్క్‌ని పిలిచే ‘థైలా’ అన్న మాటకి మిత్రుడు, సోదరుడు, ప్రియుడు అని మూడర్థాలూ చెబుతుంది. తాము ప్రేమికులమన్న పుకారును అందులో కిర్క్ కొట్టిపారేస్తాడు, కానీ మూడో అర్థం అచ్చులోనే ఉండిపోయింది. అప్పటికే, 1974లో, అభిమానుల పత్రికలో ఆ ఇద్దరి మధ్య ప్రేమను సూచించే కథ వచ్చి ఉంది.

ప్రశ్న: హీరోయిన్ ఉంది కదా, మరి?

జవాబు: ఉన్నంత మాత్రాన ప్రశ్న తీరదు. ఇద్దరు మగవాళ్ల మధ్య బంధం తరచు ఒక స్త్రీ మీదుగా నడుస్తుందని సాహిత్య విమర్శకురాలు ఈవ్ సెడ్జ్‌విక్ 1985లో ‘బిట్వీన్ మెన్’లో విశ్లేషించారు. ఆమె మాట్లాడింది ఇంగ్లిష్ సాహిత్యం గురించి, అయినా త్రికోణం ఇక్కడా పనికొస్తుంది. హీరోయిన్ ఉన్న దృశ్యాలు తీసేసి కథ చెప్పి చూడండి. ఇద్దరు మగవాళ్ల కథ చెక్కుచెదరకపోతే, ఆమెను ఎందుకు పెట్టారో అడగాల్సిందే.

ప్రశ్న: ఇప్పుడు నిషేధం లేదు. ఇంకా ఈ చాటు ఎందుకు?

జవాబు: నిషేధం వల్ల పుట్టిన చాటునీ, ఆ ప్రేమను కోరుకునేవాళ్లకీ, వద్దనేవాళ్లకీ, రెండు వర్గాల ప్రేక్షకులకీ టికెట్ అమ్మడానికి వాడే చాటునీ విడిగా చూడాలి. 2015 నాటి స్టార్ వార్స్ సినిమా ‘ఫోర్స్ అవేకెన్స్’లో పైలట్ పో తన జాకెట్‌ని స్నేహితుడు ఫిన్‌నే ఉంచుకోమని, నీకు బాగుందని చెబుతాడు. చాలామంది అభిమానులు ఆశపడ్డారు. 2019లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా దాకా కథ వాళ్లని అటు తీసుకెళ్లలేదు, కనిపించీ కనిపించకుండా ఇద్దరు చిన్న పాత్రల స్త్రీల ముద్దు మాత్రం పెట్టారు. 2016 ‘స్టార్ ట్రెక్ బియాండ్’లో నౌక నడిపే సులూకి భర్త, కూతురు ఉన్నారని పైకే చూపించారు. అక్కడ చాటు లేదు కాబట్టి పైన చెప్పిన కాగితాల పనీ అక్కర్లేదు. దాన్ని చూసి అడగాల్సినదల్లా, ఆ భర్తకి ఎన్ని సెకన్లు ఇచ్చారు, ఒక్క మాటైనా ఇచ్చారా అని.